తుమ్ముల బండి

మా బావ కారెక్కిన వాళ్లెవరూ తుమ్మకుండా దిగింది లేదు. 1957 నాటి ఆ లాండ్‌మాస్టర్ మా ఇంటికి రాకముందు గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి గోదాములో పదిహేనేళ్లు పడి ఉంది. మొదట్లో దాని చుట్టూ, తర్వాత్తర్వాత దాని లోపలా పైనా కూడా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పేర్చేవారట. సీట్ల కింది కొబ్బరి పీచులోకి, తలుపుల లోపలి అట్టల వెనక్కి, పైకప్పు గుడ్డలోకి ఆ ఘాటు ఇంకిపోయింది. ఎన్నిసార్లు కడిగినా, ఎన్ని ఎండల్లో ఆరబెట్టినా అంతే. తలుపు కాస్త గట్టిగా వేస్తే చాలు, ఎక్కడినుంచో ఎర్రటి పొడి లేచి ముక్కుకు తగిలేది.

1996 వేసవిలో దాన్ని తేవడానికి బావ వెంట నన్ను పంపింది మా అక్క. సాయం కోసమని పైకి చెప్పింది గానీ, "ఎంతకు బేరం చేస్తాడో, జేబులోంచి ఎంత తీస్తాడో చూసి రా" అని చెవిలో చెప్పింది. నాకప్పుడు పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయి, విజయవాడ పటమటలో అక్కా వాళ్లింట్లో ఖాళీగా ఉన్నాను. బావ నా ఎదుట ఆరు వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆరు వేలని నేను అక్కకు చెప్పాను. అంతకు ముందు ఆదివారమే వెళ్లి ఇంకో రెండున్నర వేలు ఇచ్చి వచ్చాడన్న సంగతి నాకు ఆయన అరవయ్యో పుట్టినరోజు నాడు తెలిసింది. అక్కకు ఇప్పటికీ తెలియదు. ఈ రాతతో తెలుస్తుంది.

ట్రాక్టరు వెనక గొలుసు కట్టి లాక్కొచ్చాం. స్టీరింగు దగ్గర బావ, పక్కన నేను. కాలి బ్రేకు లేదు, చేతి బ్రేకే దిక్కు. ట్రాక్టరు నెమ్మదించినప్పుడల్లా బావ రెండు చేతులతో దాన్ని పట్టుకుని లాగేవాడు. ఆ కాసేపు స్టీరింగు నాది. మంగళగిరి, తాడేపల్లి దాటి ప్రకాశం బ్యారేజీ ఎక్కేసరికి పొద్దు వాలింది. బ్యారేజీ కూడా 1957లోనే ప్రారంభమైందనీ, బండికీ దానికీ ఒకే ఈడనీ బావ అరిచి చెబుతున్నాడు. తుమ్ముల మధ్య నాకు సగమే వినపడింది.

ఇంతకూ ఈ పిచ్చి మొదలైంది లెనిన్ సెంటర్లో. బావ ఆటోనగర్లో ఒక లారీ విడిభాగాల దుకాణంలో లెక్కలు రాసేవాడు. క్రాంక్ షాఫ్టు ధర పైసలతో సహా చెప్పగలడు గానీ, అప్పటిదాకా చేత్తో ఒక్క నట్టు విప్పిన మనిషి కాదు. ఆదివారాలు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల ముందు గొంతుకూర్చుని డిటెక్టివ్ నవలలు ఏరుకునేవాడు. ఒకసారి వాటి మధ్య అట్ట ఊడిన అమెరికా కార్ల పత్రిక దొరికింది. నాలుగు రూపాయలు. మధ్య పేజీల్లో 1932 నాటి ఫోర్డు కారు బొమ్మ. మడ్‌గార్డులు లేవు, బానెట్టు లేదు, ఇంజను వంటింట్లో సామాన్లలా బయటికే కనిపిస్తోంది. రేడియేటరు దగ్గర మొదలై తలుపుల దాకా పసుపూ ఎరుపూ రంగుల్లో మంటలు గీసి ఉన్నాయి. దీన్ని హాట్ రాడ్ అంటారట.

ఆ పత్రికను బావ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. నాకు అర్థమయ్యేలా చెప్పిందేమిటంటే, అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్లు 1930ల నుంచే చవగ్గా దొరికే పాత ఫోర్డులు కొని, బరువు తగ్గించడానికి పనికిరాదనుకున్నదల్లా ఊడబీకి, ఇంజనుకు బలం పెంచి, నీళ్లు ఎండిపోయిన సరస్సుల అడుగున పందేలు వేసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చేతిలో పని, జేబులో కొంత డబ్బు ఉండటంతో ఇందులోకి దిగారు. అలా అది ఇంటింటి షెడ్లలో జరిగే విద్య అయింది. "తుక్కు కొట్లో సామాను, ఇంట్లో షెడ్డు, చుట్టుపక్కల మేస్త్రులు. ఇంతే కావలసింది. ఇవి మనకు లేవా?" అన్నాడు బావ.

లేకపోవడమేమిటి? మా వీధి చివర నుంచి నడిచి వెళితే ఆటోనగర్. లారీకి ముందు భాగం ఒక ఊరిది, వెనక భాగం ఇంకో ఊరిది తెచ్చి అతికించి, అది పుట్టుకతోనే అలా ఉందనిపించగల వాళ్లు అక్కడ వరసగా ఉంటారు. పెట్రోలు జీపు తీసుకెళితే డీజిలు జీపుగా బయటికి వచ్చేది. బావ ఆ పత్రిక తీసుకెళ్లి, తన దుకాణానికి రోజూ వచ్చే ఒక పెద్ద మేస్త్రికి చూపించాడు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బొమ్మను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది రోజూ చేసే పనే కదండీ. దీనికి పేరు కూడా ఉందా?" అన్నాడు.

ఆ మాట మీద ఆయన మా బండికి ఒప్పుకున్నాడు. ఆదివారం పూట, మధ్యాహ్న భోజనం మా ఇంట్లో అన్న షరతు మీద.

గ్యారేజీ అని బావ ఒక్కడే అనేవాడు. అది గొడ్ల సావిడి. గేదెలను అమ్మేశాక రేకుల కప్పు, గుంజలు, కుడితి తొట్టి మిగిలాయి. కుడితి తొట్టిలో కిరసనాయిలు పోసి సామాన్లు కడిగేవాళ్లం. పక్కనే మామిడి చెట్టు. దాని కొమ్మకు చైన్ బ్లాకు కట్టి ఇంజను పైకి లాగాలన్నది పథకం. మాఘమాసం, చెట్టు నిండా పూత. "పూత రాలిందా, ఆవకాయకు కాయలు మీరే కొనాలి" అని అక్క గుమ్మంలో నిలబడింది. మేస్త్రి కొమ్మను తట్టి చూసి, ఇనప పైపులు మూడు తెప్పించి ముక్కాలి కట్టాడు. అక్కకు భయపడ్డాడా, కొమ్మను నమ్మలేకపోయాడా అన్నది ఆయన చెప్పలేదు.

పాత ఇంజను గురించి ఇక్కడ కాస్త చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. లాండ్‌మాస్టర్ అంటే అంబాసిడర్‌కు ముందు తరం. ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు మీద హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు ఉత్తరపారాలో తయారు చేశారు. ఇంజను 1476 సీసీ, సైడ్ వాల్వుది. మామూలుగా మనం చూసే ఇంజన్లలో వాల్వులు, అంటే గాలినీ పొగనీ లోపలికీ బయటికీ వదిలే కవాటాలు, పైన మూతలా ఉండే హెడ్డులో ఉంటాయి. దీనిలో అవి కింద బ్లాకులోనే, సిలిండర్ల పక్కన నిలబడి ఉంటాయి. అందుకని పైన హెడ్డుకు పెద్ద పనేమీ లేదు. స్పార్క్ ప్లగ్గులు బిగించుకునే నాలుగు రంధ్రాలున్న బల్లపరుపు ఇనప పలక, అంతే. మేస్త్రి దాన్ని విప్పి నా చేతికిస్తే బరువుకు మోకాళ్లు వంగాయి.

ఇంజను పట్టేసి ఉంది. బాగు చేయవచ్చు గానీ, ఎంత చేసినా గుంటూరు వెళ్లి వచ్చేసరికి అలిసిపోతుందని మేస్త్రి తేల్చాడు. బ్లాకును తుక్కు వాడు కిలోల లెక్కన తూచి తీసుకుపోయాడు. హెడ్డును మాత్రం అక్క ఇవ్వనివ్వలేదు. మేడ మీద వడియాలు పెట్టే గుడ్డ గాలికి ఎగరకుండా బరువు కావాలంది.

కొత్త ఇంజను హైదరాబాదు రోడ్డు మీద ముక్కు పోగొట్టుకున్న ఒక కాంటెస్సా కారుది. ఇసుజు 1817 సీసీ, అయిదు గేర్ల పెట్టెతో సహా. ఇదే ఇంజనును హిందుస్తాన్ మోటార్స్ వాళ్లే అంబాసిడర్‌లో కూడా పెట్టారు కాబట్టి మా బండి ముక్కులో పడుతుందని బావ లెక్క. లెక్క సరైనదే. డబ్బు ఎక్కడిదన్నదే చిక్కు. అక్క రెండేళ్లుగా కడుతున్న చీటీని బావ ఎవరికీ చెప్పకుండా పాడి ఎత్తాడు. ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది రాయను. నాలుగు రోజులు మేస్త్రికి కూడా భోజనంలో చారు నీళ్లే వచ్చాయంటే చాలు.

ఇక నా ఉద్యోగం పానాలు అందించడం. ఇది చిన్న పని అనుకునేవాళ్లు ఒకసారి చేసి చూడాలి. మా బండికి రెండు భాషలు వచ్చాయి. పాత ఒళ్లంతా అంగుళాల లెక్క, 7/16, 1/2, 9/16. కొత్త ఇంజను మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది, 10, 12, 14, 17. రెండూ కలిసే చోట, అంటే ఇంజను మౌంటింగుల దగ్గర, ఒకే పట్టీకి ఒక చివర అంగుళం బోల్టు, రెండో చివర మిల్లీమీటరు బోల్టు. 1/2 పానా పట్టాల్సిన చోట 13 పట్టినా దాదాపు సరిపోతుంది. ఆ దాదాపు దగ్గరే బోల్టు మూలలు అరిగిపోతాయి. బండి కింద పడుకున్న మేస్త్రి చెయ్యి బయటికి చాచి మాట లేకుండా రెండు వేళ్లు ఆడిస్తే, ఆయన ఉన్న చోటును బట్టి నేను డబ్బా ఎంచుకోవాలి. సంక్రాంతి నాటికి కళ్లు మూసుకుని తడిమి చెప్పగలిగేదాన్ని. ఆ ఏడాది నా లెక్కల మార్కుల సంగతి అడగకండి.

గేరు రాడ్డు పాత బండిలో స్టీరింగు కిందే ఉండేది. కొత్తది నేలలోంచి పైకి వస్తుంది. గ్యాస్ కట్టరుతో నేలను కోస్తుంటే రేకు అడుగున దాక్కున్న కారం కాలి, సావిడి నిండా పోపు మాడిన ఘాటు. నలుగురం దగ్గుతూ వీధిలో పడ్డాం. పక్కింటావిడ వచ్చి "ఏం వండుతున్నారు?" అని అడిగింది.

అన్నిటికంటే నాకు గుర్తున్నది లేత్ మేస్త్రి దగ్గర గడిపిన ఒక పూట. కొత్త గేరు పెట్టె పొడవు వేరు కాబట్టి, దాని నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును కోసి కురచ చేసి మళ్లీ వెల్డింగ్ చేయించాలి. మొదటిసారి తొందరగా చేయించాం. బండి యాభై దాటితే చాలు, అద్దాలు, తలుపులు, మా దవడలు అన్నీ గడగడలాడేవి. షాఫ్టు విప్పుకుని వేరే లేత్ షెడ్డుకు వెళ్లాం. అక్కడి మేస్త్రి బాగా ముసలాయన. దాన్ని లేత్‌కు బిగించి మెల్లగా తిప్పుతూ, ఒక సుద్దముక్కను చేత్తో పట్టుకుని షాఫ్టు దగ్గరికి జరిపాడు. వెంట్రుకవాసి దూరంలో ఆపాడు. షాఫ్టు తిరుగుతోంది, సుద్ద తగలడం లేదు. ఇంకాస్త జరిపాడు. టిక్, టిక్, టిక్. ఆపి చూస్తే ఒక వైపు మాత్రమే, వేలెడంత మేర తెల్లటి గీత. వంపు అటు ఉబ్బి ఉందన్నమాట. సరిగ్గా ఆ తెలుపు మీదే గ్యాస్ మంట పెట్టి, ఇనుము చెర్రీ పండు రంగుకు వచ్చేదాకా కాల్చి, తడి గోనెసంచి అద్దాడు. బుస్సుమంది. కాలిన చోటు చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ షాఫ్టును తనవైపు లాగుతుంది. సుత్తి ముట్టుకోలేదు. మళ్లీ తిప్పాడు, మళ్లీ సుద్ద. ఈసారి గీత పొడవు పెరిగింది. అయిదోసారి తెల్లటి గీత గాజులా షాఫ్టు చుట్టూ తిరిగి వచ్చింది. అప్పుడు సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, "తీసుకెళ్లండి" అన్నాడు. ఎనభై రూపాయలు తీసుకున్నాడు. నేను తర్వాత ఇంజనీరింగ్ చదివాను, అందులో ఈ సంగతి సమీకరణాలతో సహా చెప్పారు. సుద్దముక్క గురించి ఎవరూ చెప్పలేదు.

బావ తప్పు ఒకటి రాయకపోతే అక్క ఊరుకోదు. ఆ కాలపు ఇంగ్లీషు బళ్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. ఇప్పటి బళ్లలో నెగటివ్. కొత్త ఇంజనుకున్న ఆల్టర్నేటరు, అంటే బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం, ఇప్పటి కాలానిది. మేస్త్రి లేని ఒక బుధవారం రాత్రి, స్టార్టు చేసి అందరినీ ఆశ్చర్యపరుద్దామని బావ బ్యాటరీని పాత గుర్తుల ప్రకారమే బిగించాడు. చిటుక్కుమని ఒక్క చప్పుడు, సన్నటి నీలి పొగ. ఆల్టర్నేటరులోని డయోడ్లు పోయాయి. ఆదివారం మేస్త్రి వచ్చి వాసన చూసి, ఏమీ అడగకుండా, "భోజనంలోకి ఏమిటమ్మా?" అని వంటింటి వైపు కేకేశాడు.

మేస్త్రి ఒక్క విషయంలో మాత్రం మొండికేశాడు. బ్రేకుల పని పూర్తయ్యేదాకా ఇంజనుకు పెట్రోలు పోయనివ్వలేదు. "ముందు ఆగనివ్వండి బాబూ, తర్వాత పరిగెత్తిద్దురు గాని." డ్రమ్ములు నాలుగూ లేత్ పట్టించి, కొత్త లైనింగులు, కొత్త సిలిండర్లు వేయించాడు. రెండు నెలలు పట్టింది. బావ గొణిగాడు. గొణగడం వల్ల ఒక్క రోజు కూడా తగ్గలేదు.

1998 జనవరి, సంక్రాంతికి ముందు బండి కదిలింది. పత్రికలో బొమ్మలా ఉండాలని బావ ముందు మడ్‌గార్డులు రెండూ విప్పించాడు, బానెట్టు తీయించాడు. మంటల బొమ్మకు అక్క ససేమిరా అంది, ఇంటి ముందు తగలబడుతున్న బండి బొమ్మ ఏమిటని. నల్ల రంగు మీద సన్నటి ఎర్ర గీత దగ్గర రాజీ కుదిరింది. కరకట్ట మీద మొదటి షికారు. ఎండిన నేల మీద పందేలు వేసుకున్న కాలిఫోర్నియా వాళ్లకు మడ్‌గార్డులు అక్కరలేదేమో. కృష్ణ ఒడ్డున ముందు రోజు పడిన వాన బురద చక్రాలకు చుట్టుకుని, అద్దం మీదికీ, తెరిచి ఉన్న ఇంజను మీదికీ, మా మొహాల మీదికీ ధారలు కట్టింది. ఇంటికొచ్చాక అక్క మమ్మల్ని గేటు బయటే నిలబెట్టి గొట్టంతో నీళ్లు కొట్టింది. మర్నాడు మడ్‌గార్డులు మళ్లీ ఎక్కాయి. బానెట్టు కూడా. పైకి చూస్తే ఎవరో పెద్దాయన జాగ్రత్తగా దాచుకున్న పాత కారు. లోపల ఏముందో దారిన పోయేవాళ్లకు తెలియకపోవడమే నాకైతే బాగుండేది.

ఇంద్రకీలాద్రి కింద వాహన పూజ. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బయలుదేరబోతూ అక్క తలుపు వేసింది. వెనక సీటులోంచి ఒకే ఒక్క తుమ్ము. ఒంటి తుమ్ము అపశకునం. దిగి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కాం. తలుపు వేశాం. మళ్లీ తుమ్ము. మూడోసారి పూజారి గారే దగ్గరికొచ్చి, "జంట తుమ్ముకు దోషం లేదమ్మా, ఇంకెవరైనా ఒకరు తుమ్మండి" అన్నారు. తుమ్మడానికి మాకు కష్టమేముంది? ఆ రోజు నుంచి ఆ బండిలో బయలుదేరడానికి ముందు తలుపు రెండుసార్లు వేయడం ఆచారమైంది.

ఆరేళ్లు తిరిగింది. గుంటూరు రోడ్డు మీద మేము దాటిపోతుంటే కొత్త కార్లలో వాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. మొదటి గేరు వేసి కన్ను మూసి తెరిచేలోగా రెండోది అడిగేది, ఎందుకంటే వెనక ఇరుసులో పళ్ల చక్రాలు ఆ నెమ్మది కాలం నాటివే. వాటినీ మార్చాలని బావ, ఇక చాలని అక్క. కొత్త ఇంజను నెంబరు ఆర్సీ పుస్తకంలో రాయించుకోవడానికి తిరిగిన తిరుగుడు సరేసరి. బ్రేకు ఇన్‌స్పెక్టరు బానెట్టు ఎత్తించి చాలాసేపు చూసి, "మైలేజీ ఎంతిస్తుంది?" అన్నాడు. బావకు అది అవమానం. ఇప్పుడైతే బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడం మీద చట్టం బిగిసింది, అసలు ఆ ప్రయత్నమే చేసేవాళ్లం కాదు.

2004లో ఏలూరు వైపు ఆయనెవరో కొనుక్కున్నాడు. అక్క కూతురు పుస్తకాలు, బ్యాగులు, క్యారియర్లతో బండిలో చోటు అడగడం మొదలుపెట్టింది, రోజూ తుమ్ముకుంటూ బడికి వెళ్లనంది. కొన్నాయన మూడు నెలలకు ఇసుజు ఇంజను పీకించి, మైలేజీ కోసం డీజిలు ఇంజను వేయించాడని ఆటోనగర్లోనే కబురు తెలిసింది. ఆ ఇసుజు ఏమైందని బావ అడిగాడట. తుక్కు కింద పోయిందన్నారు. రెండు రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఈ మధ్య సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనొక పొరపాటు చేశాను. ఫోనులో పాత ఫోర్డుల గురించి చదువుతూ పైకే అనేశాను. లెనిన్ సెంటర్ పత్రికలో బావ చూసిన 1932 ఫోర్డు ఉంది చూశారా, హాట్ రాడ్లకు పెద్దపేరు తెచ్చింది అందులోని వీ8 ఇంజను. 221 ఘనపు అంగుళాలు, మొదట్లో 65 గుర్రాల బలం. అమెరికా కుర్రాళ్లు ఏళ్ల తరబడి ప్రాణంలా చూసుకుని, అరగదీసి, పదును పెట్టిన ఇంజను అది. దాన్ని ముద్దుగా ఫ్లాట్‌హెడ్ అంటారు. ఎందుకంటే, వాల్వులు బ్లాకులో పక్కన ఉంటాయి, పైన హెడ్డు బల్లపరుపు పలక.

బావ తింటున్న అరిసె పళ్లెంలో పెట్టాడు. "అంటే మనం కిలోల లెక్కన అమ్మింది..."

"ఆ జాతిదే బావా. మనది నాలుగు సిలిండర్లు, వాళ్లది ఎనిమిది."

లేచి బయటికి వెళ్లాడు. అక్క వడియాలు పెట్టడం మానేశాక మేడ దిగిన ఆ ఇనప పలక చాలా ఏళ్లుగా వీధి గేటు మూసుకుపోకుండా అడ్డంగా పడి ఉంటోంది. ప్లగ్గుల రంధ్రాల్లో మట్టి నిండి, ఒకదానిలో గరిక కూడా మొలిచింది. బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి, కుళాయి దగ్గరికి మోసుకెళ్లి, కిరసనాయిలు దొరకదు కాబట్టి పెట్రోలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా తుడిచాడు.

ఇప్పుడది హాల్లో టీవీ పక్కన ఉంది. గేటుకు ఇటుక పెట్టారు. గాలి వీస్తే ఇటుక ఆగడం లేదని అక్క నిన్న కూడా ఫోను చేసింది.